ఫ్రిజ్ మీది తెల్ల డబ్బా

మా బాబాయి పెళ్ళి ఎలా కుదిరిందని ఎవరైనా అడిగితే, మా నాన్న ఇంటర్నెట్ ఉండబట్టి కుదిరిందంటాడు. నానమ్మ అది సరిగ్గా లేకపోబట్టి కుదిరిందంటుంది. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఆ వేసవంతా ఇంట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పే హక్కు నాకే ఉందని నా ఉద్దేశం.

అప్పటికి నా చదువు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఇంట్లో ఖాళీగా కనబడే మనిషికి ఊళ్ళో పనులన్నీ వెతుక్కుంటూ వచ్చి పడతాయి. నానమ్మ కళ్ళద్దాలు కనబడకపోతే వెతకాల్సింది నేను, అమ్మ కుట్టిన బట్టలు ఇళ్ళకు ఇచ్చి రావాల్సింది నేను, నీళ్ళ మోటారు కట్టేయడం మర్చిపోతే తిట్లు తినాల్సింది కూడా నేనే. ఇవన్నీ కాక నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న పని ఇంకొకటుంది. బాబాయికీ బయటివాళ్ళకీ మధ్య మాటలు అటూ ఇటూ చేరవేయడం.

బాబాయికి పుట్టుకతోనే వినపడదు. చేతులతో మాట్లాడతాడు. అంటే ఏదో నాలుగు సైగలు చేసి ఊరుకుంటాడని అనుకునేరు. ఆ చేతులతో కబుర్లు చెబుతాడు, వెక్కిరిస్తాడు, పోట్లాడతాడు, ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకుండానే అడ్డం పడతాడు. వాగుడు మరీ ఎక్కువైతే అమ్మ వెళ్ళి ఆ రెండు చేతులూ పట్టుకుని కూర్చునేది. ఇంట్లో అందరికీ ఆ భాష కాస్తో కూస్తో వచ్చు. నాకు మాత్రం నోటి మాటలతో పాటే వచ్చేసింది, ఎందుకంటే నన్ను చంకనేసుకుని తిరిగింది ఆయనే.

మా ఇంటి కింద షెడ్డులో పాత సోఫాలకూ కుర్చీలకూ కొత్త గుడ్డ వేయడం ఆయన పని. చిన్న చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదాల మధ్యకు తోసి, సుత్తితో టకటకా కొట్టేస్తుంటాడు. ఏ క్షణాన మింగేస్తాడోనని చూసేవాళ్ళకు గుండెలు జారిపోతాయి. ఆయన మాత్రం ఆ మేకులు నోట్లో ఉండగానే చేతులతో జోకులు కూడా వేస్తాడు.

వాళ్ళ భాషలో పేర్లు మన పేర్లలా ఉండవు. మనిషిని చూడగానే ఏది కొట్టొచ్చినట్టు కనబడితే అదే పేరు. నాన్న పేరు మీసం మెలేయడం. అమ్మ పేరు పళ్ళతో దారం కొరకడం. నానమ్మ పేరు జారిన కళ్ళద్దాలు ముక్కు మీదికి తోయడం. నా పేరు మూతి విరుపు. చిన్నప్పుడు దేనికైనా మూతి విరిచేదాన్నట. ఇప్పుడు విరవడం లేదు, పేరు మార్చమని ఎన్నోసార్లు మొత్తుకున్నాను. మొత్తుకునేటప్పుడు కూడా విరుస్తూనే ఉన్నానని ఆయన వాదన.

ఆ వేసవి మొదట్లో నాన్న ఒక తెల్ల డబ్బా తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తీగలున్న ఏ వస్తువైనా తన చుట్టమేనని ఆయన నమ్మకం. డబ్బాలో ఒక సిమ్ ఉంటుందనీ, ఇంట్లో ఫోన్లన్నీ దానికి తగిలించుకుంటే ఎవరికి వాళ్ళు రీచార్జులు చేయించుకోనక్కర్లేదనీ, ఇది అన్‌లిమిటెడ్ ప్లాననీ ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఎంత చూసినా అయిపోదా అని నానమ్మ అడిగింది. అయిపోదన్నాడు. రోజంతా చూసినా అయిపోదా అని మళ్ళీ అడిగింది. నీ ఓపిక అయిపోవాలి తప్ప అది అయిపోదన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నానమ్మకు ఎక్కడో ఎవరో మట్టి కొట్టుకుపోయిన తివాచీలు కడిగే వీడియోలంటే ప్రాణం. నల్లటి నీళ్ళు పోయి అడుగున రంగు బయటపడుతుంటే, తన చేత్తోనే కడిగినంత తృప్తిగా నిట్టూర్చేది. అమ్మ మిషన్ తొక్కుతూ పక్కన కుట్టు పాఠాలు పెట్టుకునేది. నాన్న రోజంతా లిఫ్టులతో కుస్తీ పట్టి ఇంటికొచ్చి, మళ్ళీ వేరే దేశాల్లో చెడిపోయిన లిఫ్టుల వీడియోలు చూసేవాడు. నేనేం చూసేదాన్నో చెప్పను గానీ, చాలాసేపే చూసేదాన్ని.

తీరా సాయంత్రమయ్యేసరికి డబ్బాకు నీరసం వచ్చేది. నానమ్మ తివాచీ సగం నలుపు, సగం ఎరుపు దగ్గర ఆగిపోయేది. మధ్యలో ఒక గుండ్రటి చక్రం తిరుగుతూ ఉండేది. నాన్న ఫోనుకు ఒక సందేశం వచ్చేది, మీ ఈ రోజు కోటా పూర్తయింది, ఇకపై తగ్గించిన వేగంతో అన్‌లిమిటెడ్‌గా ఆనందించండి అని. ఆ ఆనందించండి అన్న మాట చదివినప్పుడల్లా నాన్న మీసం అదిరేది.

మాకు ఇదంతా విసుగు, అంతే. కానీ బాబాయికి ఇది ప్రాణసంకటమని కొన్నాళ్ళకు గానీ తెలియలేదు.

వినపడనివాళ్ళు కొంతమంది కలిసి ఫోన్లో నడుపుకునే గ్రూపు ఒకటుంది. బాబాయి అందులో తను కొత్త గుడ్డ వేసిన గులాబీరంగు సోఫా ఫొటో పెట్టాడు. వేరే ఊరి నుంచి ఒకావిడ, ఇది సోఫానా, క్రీమ్ పూసిన కేకా, లోపల ఏం పెట్టారు అని అడిగింది. పాత కొబ్బరిపీచు అన్నాడు. మా కేకులు దానికంటే కాస్త మెత్తగా ఉంటాయంది. అక్కడ మొదలైంది. ఆవిడ ఒక బేకరీలో కేకుల మీద పూలు దిద్దుతుంది, పుట్టినరోజుల వాళ్ళ పేర్లు రాస్తుంది. మేం కేకులావిడ అనేవాళ్ళం. బాబాయి ఆవిడకు పెట్టిన పేరు మాత్రం ముచ్చటగా ఉండేది. క్రీమ్ సంచీ పిండినట్టు గుప్పిట మూసి, చివర్లో మణికట్టు చిన్నగా తిప్పి వదిలేయడం. ఆ చివరి తిప్పు దగ్గర ఆయన మొహంలో వచ్చే వెలుగు చూస్తే ఇక ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఆవిడ నీకేం పేరు పెట్టిందని నేనడిగాను. చెప్పనన్నాడు. మేకుల పేరా? జుట్టు పేరా? అడ్డదిడ్డంగా ఊహించి అన్నీ చేసి చూపించాను. చెవులు ఎర్రబడేదాకా నవ్వాడు గానీ చెప్పలేదు. ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరికీ అంతు చిక్కని విషయం అదే.

వాళ్ళిద్దరికీ పని అయ్యేది సాయంత్రమే. మా డబ్బాకు నీరసం వచ్చేదీ అప్పుడే. కిటికీ పక్కన వెలుతురు బాగుంటుందని అమ్మ తన కుట్టు మిషన్ ఖాళీ చేసి ఇచ్చేది. బాబాయి చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, ఫోన్ని దారపు ఉండల డబ్బాకు ఆనించి కూర్చునేవాడు. ఆవిడ మొహం ముందు చదరాలు చదరాలుగా వచ్చేది, తర్వాత ఒక కన్ను, ఆ తర్వాత నవ్వు. ఆవిడ చెయ్యి ఎత్తితే మాట మొదలు ఇక్కడికి చేరేది, చివర చేరేది కాదు. మనకైతే బొమ్మ ఆగిపోయినా గొంతు వినిపిస్తే పని గడిచిపోతుంది. వాళ్ళకు బొమ్మే గొంతు.

ఇటు ఈయన సంగతి చెప్పనక్కర్లేదు. అవతల ఆగిపోయిందని చూసుకోకుండా తన ధోరణిలో తను గడగడా చెప్పుకుపోయేవాడు. కథంతా అయ్యాక చూస్తే, ఆవిడ ఇంకా మొదటి మాట దగ్గరే ఉండేది. ఒకరోజు అలాగే అయ్యాక లేచి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడంటే ఎవరితోనూ మాట్లాడదలుచుకోలేదని అర్థం. అమ్మకు మనసు కరిగిపోయింది. రాసుకోవచ్చు కదా, రాతకు వేగం అక్కర్లేదు కదా అని నా చేత అడిగించింది. బాబాయి జేబులోంచి ఒక్క చెయ్యి మాత్రం తీసి జవాబు చెప్పాడు. తనకు రాత అరువు తెచ్చుకున్న చొక్కా లాంటిదట, వేసుకోగలడు గానీ చేతులాడవట.

ఆ మాట నాన్నకు చెప్పాను. మర్నాడే నన్ను వెంటేసుకుని ఆ సిమ్ములమ్మే షాపుకు బయల్దేరాడు. కౌంటర్లో ఉన్నమ్మాయి నా వయసుదే, చాలా ఓపికమంతురాలు. నాన్న డబ్బా బల్ల మీద పెట్టి, అన్‌లిమిటెడ్ అని చెప్పి ఇచ్చారు, సాయంత్రానికి కుంటుతోంది, ఇదేం న్యాయం అన్నాడు. ఆ అమ్మాయి, అన్‌లిమిటెడ్ అంటే ఆగిపోదని సార్, పరిగెడుతుందని కాదు అంది.

"అమ్మా, నేను లిఫ్టులు బాగుచేస్తాను," అన్నాడు నాన్న. "కొన్ని అంతస్తులు ఎక్కించి, ఈ రోజుకింతే, మిగతావి మెట్లెక్కి పొండి అంటే నన్ను బతకనిస్తారా?"

"మెట్లెక్కమనడం లేదు సార్. లిఫ్టే వస్తుంది. కాస్త మెల్లగా వస్తుంది."

"ఎంత మెల్లగా?"

ఆ అమ్మాయి ఆలోచించి, మెట్లెక్కినవాళ్ళు ముందు చేరేంత అని నిజం చెప్పేసింది. నాన్నకు నవ్వొచ్చింది. నవ్వాక ఇక దెబ్బలాడలేకపోయాడు. పెద్ద ప్లాను మా ఇంటికి తగ్గది కాదని తేలింది. ఇంతకంటే చేయగలిగింది పొదుపొక్కటేనని సలహా ఇచ్చి, డబ్బాను శుభ్రంగా తుడిచి మరీ తిరిగిచ్చింది.

ఇంటికొచ్చి నాన్న పొదుపు ప్రకటించాడు. సాయంత్రం బాబాయి మాట్లాడేదాకా ఎవరూ వీడియోలు చూడకూడదు. అందరం సరేనన్నాం, అందరం దొంగచాటుగా చూశాం. నానమ్మ దుప్పటి కప్పుకుని మరీ తివాచీలు కడిగించుకునేది. ఒకరినొకరు పట్టిస్తూ, తగువులాడుకుంటూ, నవ్వుకుంటూ ఆ రోజులు గడిచిపోయాయి. వేగం మాత్రం పెరగలేదు.

దారి కనిపెట్టింది ఆవిడే. ఒక సాయంత్రం ఆవిడ చెయ్యి ఎత్తి, ఒక మాట దగ్గర ఆగిపోయింది. బొమ్మ మళ్ళీ బిగుసుకుపోయిందని బాబాయి తల పట్టుకున్నాడు. ఇంతలో ఆవిడ రెప్ప వేసింది. బొమ్మ ఆగలేదు, ఆవిడే ఆగింది. చేతిని గాల్లో అలాగే ఉంచి, నీకు చేరిందా అన్నట్టు కళ్ళెగరేసింది. బాబాయి చూపుడువేలు ఎత్తాడు. అప్పుడు గానీ ఆవిడ రెండో మాటకు వెళ్ళలేదు.

అప్పటి నుంచి అదే పద్ధతి అయింది. ఒక మాట పట్టి ఉంచడం, అవతల వేలు లేచేదాకా కదలకపోవడం. వేలు లేచిందంటే అందింది అని. నిమిషంలో పది సంగతులు చెప్పే మనిషి, పది నిమిషాలకు ఒక సంగతి చెప్పడం నేర్చుకున్నాడు. నేను మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. చెయ్యి గాల్లో ఉంచి, చిన్నపిల్లాడిలా కళ్ళప్పగించి, ఆ వేలు కోసం ఎదురు చూస్తుండేవాడు. వేలు లేవగానే మొహం విచ్చుకునేది. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉండేది. కాస్త అసూయగా కూడా ఉండేదని ఎందుకు దాచడం.

ఆ అలవాటు ఫోన్లోంచి ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఎదుటివాళ్ళ మాటకు అడ్డం పడే బాబాయి, మేం చెప్పేదంతా అయ్యేదాకా ఆగి వేలు ఎత్తడం మొదలుపెట్టాడు. అమ్మకు అది తెగ నచ్చింది. తను మాట్లాడుతుంటే నాన్న ఏనాడూ చివరిదాకా వినలేదనీ, ఇకపై వేలు ఎత్తకుండా లేచి వెళ్ళడానికి వీల్లేదనీ రూలు పెట్టింది. నాన్న వినకుండానే వేలు ఎత్తడం నేర్చుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

వేసవి సగం దాటాక ఒకరోజు బాబాయి నన్ను షెడ్డులోకి పిలిచి తలుపు వేశాడు. ఈ ఆదివారం అడిగేస్తానన్నాడు. ఏం అడుగుతావని నేను కావాలనే అమాయకంగా మొహం పెట్టాను. ఆయన నా నెత్తి మీద ఒక్కటిచ్చాడు. రాత్రికి రాసి పంపించెయ్, ఈపాటికి ఆవిడకూ తెలిసే ఉంటుంది కదా అన్నాను.

"రాసి అడిగితే అర్జీ పెట్టుకున్నట్టుంటుంది," అన్నాయి ఆయన చేతులు. "నా చేతులతో నేనే అడగాలి. అది మధ్యలో ఆగిపోతే ఆవిడ ఏమనుకుంటుందోనని భయంగా ఉంది. సగం ప్రశ్న వెళ్ళి సగం ఇక్కడే ఉండిపోతే, మళ్ళీ మొదటి నుంచి అడిగే ధైర్యం నాకు లేదు."

ఆయనకు భయమేయడం నేను ఎప్పుడూ చూడలేదు. నోట్లో మేకులు పోసుకుని నవ్వే మనిషి. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను మెట్లెక్కి పైకి వచ్చేలోపే చెప్పేశాను, ఎందుకంటే ఇది ఇల్లంతా పూనుకోవాల్సిన పని.

ఆదివారానికి మా ఏర్పాట్లు యుద్ధానికి తీసిపోవు. ఈసారి దొంగచాటు చూపులు లేవని నానమ్మ అందరి చేతా మాటిప్పించుకుంది, తను కూడా ఇచ్చింది. పొద్దున్నే అందరి ఫోన్లూ లాక్కుంది. మనుషుల మీద ఆమెకు నమ్మకం లేదు. అన్నిటినీ లోపలి గదిలోకి తీసుకెళ్ళి, సాయంత్రానికి ఒక్కదానికీ నీరసం రాకూడదని వరసగా చార్జింగుకు పెట్టి, కడుపు నిండా తిని పడుకోనీ అంటూ తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. తాళం లేదు గానీ, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆ రోజు మా ఇల్లు ఎంత బాగుందో చెప్పలేను. చేతులు ఖాళీగా ఉండేసరికి ఏం చేయాలో తోచక అందరం ఒక్కచోట చేరాం. అమ్మ నాన్న చిరిగిన చొక్కా కుడుతూ పెళ్ళైన కొత్తలోని కబుర్లు చెప్పింది. నాన్న లిఫ్టులో ఇరుక్కుపోయి అక్కడే పాటలు నేర్చుకున్న ఒక పెద్దమనిషిని అనుకరించి చూపించాడు. నానమ్మ కుర్చీ వదలకుండానే మా ముందుగదిలోని చిన్న తివాచీ తెప్పించుకుని, నా చేత కడిగించింది. అడుగున నీలం రంగుందని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు. బాబాయి మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని, కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం నానమ్మ గొళ్ళెం తీసి ఫోన్లు బయటికి తెచ్చింది. నాన్న తన ఫోను చూసుకుని అలాగే నిలబడిపోయాడు. మీ ఈ రోజు కోటా పూర్తయింది, తగ్గించిన వేగంతో ఆనందించండి. ఎవరు చూశారని మొదట అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను ఫోన్లన్నీ తిరగేశాక విషయం బయటపడింది. ఏ పనీ లేకుండా, చార్జింగులో, డబ్బాకు తగిలి ఖాళీగా పడుండేసరికి, ప్రతి ఫోనూ ఇదే అదను అనుకుని తన అప్‌డేట్లన్నీ చేసేసుకుంది. ఎన్నాళ్ళుగానో వాయిదా పడుతున్నవన్నీ ఆ ఒక్క రోజే మింగేశాయి. నానమ్మ ఫోనైతే ఏకంగా కొత్త రూపం వేసుకుని, ఆమెనే మీరెవరని అడుగుతోంది.

"పని చెప్పకపోతే వాటికవే పని వెతుక్కుంటాయని నాకేం తెలుసే?" అంది నానమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాన్న అదనపు వేగం కొనడానికి పూనుకున్నాడు. ఆ పేజీ తెరుచుకోవాలంటే వేగం ఉండాలి, వేగం ఉండాలంటే ఆ పేజీ తెరుచుకోవాలి. చక్రం తిరుగుతూనే ఉంది. షాపుకు పరిగెత్తబోయి, ఆదివారమని గుర్తొచ్చి చెప్పులు విడిచాడు. బాబాయి ఇదంతా చూస్తున్నాడు. నేను సంగతి చెప్పడానికి చేతులెత్తేలోపే అర్థమైపోయింది ఆయనకు. జేబుల్లోకి వెళ్ళబోయిన చేతులు మధ్యలో ఆగాయి. నానమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె జారిన కళ్ళద్దాలు తనే పైకి తోసి, ఫరవాలేదు, ఆవిడకు నేను ఇలాగే అలవాటు అన్నాడు. వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నాడు.

మేం నలుగురం కర్టెన్ వెనక నిలబడ్డాం. దాక్కున్నామని చెప్పను, అందరి కాళ్ళూ కనబడుతూనే ఉన్నాయి.

ఆవిడ చదరాలు చదరాలుగా వచ్చింది. బాబాయి మొదటి మాట పట్టాడు. నేను. అరచెయ్యి గుండె మీద అలాగే ఉంచాడు. ఎంతసేపటికో అవతల వేలు లేచింది. రెండో మాట పట్టాడు. నువ్వు. చెయ్యి ఫోను వైపు చాచి అలాగే ఉంచాడు. అవతల బొమ్మ బిగుసుకుపోయింది. మధ్యలో చక్రం తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతూనే ఉంది. ఆయన చెయ్యి దించలేదు.

తర్వాత ఆవిడ మొహం పోయి తెర అంతా గోధుమరంగు అయిపోయింది. ఫోను కిందపడిందేమోనని అమ్మ నా చెవిలో అంది. గోధుమరంగు మీద ఒక తెల్లటి గీత వచ్చింది. అది వంగింది. పక్కన ఇంకో గీత, ఆ తర్వాత ఒక గులాబీరంగు మచ్చ. ఒక్కొక్క చదరమే సర్దుకుంటుంటే, అది కేకని తెలిసింది. కేకు మీద క్రీముతో గులాబీరంగు సోఫా దిద్ది ఉంది. సోఫా మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఒకరి చేతిలో క్రీమ్ సంచీ. ఇంకొకరి పెదాల మధ్య సన్నటి చుక్కలు, మేకులు. రోజంతా ఊళ్ళోవాళ్ళ పేర్లు రాసే మనిషి, దాని మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు.

ఆదివారం అడగాలని ఆవిడ కూడా అనుకుందట. మా సాయంత్రాల సంగతి ఆవిడకు తెలుసు. కదిలేదైతే దారిలో చెదిరిపోతుంది, కదలనిదైతే ఆలస్యమైనా చేరుతుందని ఆలోచించి ఆ కేకు చేసిందట. ఇది తర్వాత తెలిసింది.

బాబాయి ఆ చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి, చాలాసేపు చూశాడు. ఆ తర్వాత రెండో చేతి చూపుడువేలు మెల్లగా పైకెత్తాడు.

కర్టెన్ వెనక నానమ్మ నా భుజం గిల్లి, ఏమందే అని అడిగింది. అడిగేసింది నానమ్మా అన్నాను. అడగాల్సింది వీడు కదా అంది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాన్న వెళ్ళి ఫ్రిజ్ మీది డబ్బా మీద చెయ్యి వేసి, వేడిగా ఉందని అటూ ఇటూ ఊదాడు.

వేసవి అయిపోతుండగా ఆవిడ వాళ్ళమ్మతో కలిసి మా ఇల్లు చూడ్డానికి వచ్చింది. బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రెండు చేతులు బయటికి వచ్చి మాట్లాడటం మొదలుపెట్టాయి. ఇటు జనం మీదుగా చేతులెత్తి బాబాయి జవాబులు చెబుతున్నాడు. ఎంత వేగమో. నేను కూడా అందుకోలేకపోయాను. ఇద్దరి మధ్యా డబ్బా లేదు, చక్రం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు గొంతు చించుకుని ఒకరినొకరు పిలుచుకుంటుంటే, వీళ్ళిద్దరూ చప్పుడు లేకుండా కబుర్లన్నీ పూర్తి చేసుకున్నారు.

ఇంట్లో టీలు అయ్యాక నానమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, మావాడిలో నీకేం నచ్చిందో అడగవే అని నన్ను ముందుకు తోసింది. అడిగాను. ఆవిడ నవ్వి, ముందు బాబాయిని ఆయన పేరుతో పిలిచింది. చూపుడువేలితో మొహం ముందు గాల్లో గుండ్రంగా, మెల్లగా చుట్టింది. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. వేసవంతా మాకు చెప్పని పేరు అదేనని అప్పుడర్థమైంది నాకు. తెర మధ్యలో తిరిగే ఆ చక్రం.

ఆవిడ చెప్పింది, నేను నోటితో అందరికీ చెప్పాను.

"మొదట్లో ఆ చక్రాన్ని చూస్తే ఒళ్ళు మండేది. తర్వాత దాని వెనక ఆగిపోయిన మొహాన్ని చూడ్డం మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చున్న మనిషిని అంతసేపు కళ్ళార్పకుండా చూస్తే బాగుండదు. ఆగిపోయిన మనిషినైతే ఎంతసేపైనా చూడొచ్చు. రోజూ అలా చూసుకుంటూ కూర్చున్నాను. చక్రం పోయి బొమ్మ కదిలితే, అప్పుడే కదిలిందా అనిపించడం మొదలైంది. ఆ రోజే నాకు తెలిసిపోయింది."

వేసవంతా ఆ కంపెనీవాళ్ళను తిట్టిపోసిన నాన్న, మీసం మెలేశాడు.

"అయితే ఆ షాపు అమ్మాయికి మొదటి శుభలేఖ ఇవ్వాలి," అన్నాడు.

అందరం ఒక్కసారిగా నవ్వాం. నవ్వు తగ్గాక బాబాయి ఆవిడకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్ళీ గడగడా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. షెడ్డు సంగతో, సోఫాల సంగతో, చేతులు గాల్లో ఎగిరిపోతున్నాయి. అలా చెబుతూ చెబుతూ, ఒక మాట సగంలో ఉండగా, చెయ్యి గాల్లోనే ఉంచి, రెప్ప కూడా వేయకుండా అలాగే ఆగిపోయాడు.

నానమ్మ కంగారుపడింది. "మళ్ళీ ఆగిపోయాడేంటే? ఎవరైనా డబ్బా కట్టేశారా?"

"లేదు నానమ్మా, ఈసారి కావాలనే ఆగాడు," అన్నాను.

మా పిన్ని చెంపకు చెయ్యి ఆనించుకుని, తీరిగ్గా చూస్తూ కూర్చుంది. వేలు ఎత్తడానికి ఆవిడకు ఏ తొందరా ఉన్నట్టు లేదు.